సంచి మీద ఒక పేరు, పొలంలో ఇంకో పంట

పిట్టలవానిపాలెం. ఒకసారి పైకి చదవండి. పి, ట్ట, ల, వా, ని, పా, లెం. ఏడక్షరాలు, ఒక్క మాట. బాపట్ల జిల్లాలో మండల కేంద్రం. ఒకటో తరగతి పిల్లాడిని అడిగినా ఇది ఒకే పదం అంటాడు.

ఇదే మాటను పైథాన్‌కి ఇచ్చి ‘ఇందులో పదాలు ఏరి పెట్టు’ అనండి. పైథాన్‌తో పాటే వచ్చే ‘రీ’ అనే లైబ్రరీలో పదాలు పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది. బ్యాక్‌స్లాష్, దాని పక్కన చిన్న డబ్ల్యూ. వర్డ్‌కి డబ్ల్యూ అన్నమాట. పక్కన ఒక ప్లస్ పెడితే, ‘ఇలాంటివి వరసగా ఎన్నుంటే అన్నీ కలిపి ఇవ్వు’ అని అర్థం. అలా అడిగితే వచ్చే జవాబు ఇది:

ప, ట, టలవ, న, ప, ల.

ఆరు ముక్కలు! గుళ్లు పోయాయి, దీర్ఘాలు పోయాయి, ఎత్వం పోయింది, పొల్లు పోయింది, చివర సున్నా పోయింది. ‘టలవ’ అనే ఊరు ఏ జిల్లాలో ఉందో మరి! బాపట్ల ఇస్తే ‘బ, పట, ల’ అంటుంది. తెలుగు అని ఇస్తే ‘త, ల, గ’ అంటుంది.

నమ్మకం లేకపోతే ఫోన్‌లోనే చూసుకోవచ్చు. బ్రౌజర్‌లో గూగుల్ కొలాబ్ తెరవండి, లేదా పైడ్రాయిడ్ 3 యాప్ వేసుకోండి. రెండు లైన్ల పని. మీ ఊరి పేరు కూడా ఇచ్చి చూడండి.

నవ్వుకున్నారు కదా. ఇప్పుడు నవ్వు రాని సంగతి చూద్దాం.

వరద ఉంది, వరద లేదు: రెండూ ఒకటే

బాపట్లలోనో చీరాలలోనో ఇంజినీరింగ్ చదివే ఓ అమ్మాయి ఉందనుకోండి. ఫైనలియర్ ప్రాజెక్టు. తుపానప్పుడు జనం పంపే తెలుగు మెసేజీలు చదివి, ఎక్కడ సాయం కావాలో చెప్పే ప్రోగ్రామ్ రాస్తోంది. మన వైపు ఇది ఊరికే పెట్టుకునే టాపిక్ కాదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కింద లంక గ్రామాల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఆ అమ్మాయి అందరూ వాడే సైకిట్ లెర్న్ లైబ్రరీ తీసుకుంది. వాక్యాన్ని పదాలుగా విడగొట్టి లెక్కపెట్టే పనిముట్టు అందులో ఉంది, పేరు కౌంట్ వెక్టరైజర్. మనం వేరే ఏమీ చెప్పకపోతే అది ఇదే ‘డబ్ల్యూ’ గుర్తును వాడుతుంది. పైగా ఇంకో షరతు: కనీసం రెండక్షరాలు వరసగా ఉంటేనే పదం, ఒంటరి అక్షరం అయితే పారేస్తుంది.

ఇప్పుడు రెండు మెసేజీలు వచ్చాయి. ఒకటి ‘వరద ఉంది’. రెండోది ‘వరద లేదు’.

‘వరద’లో గుణింతం లేదు, మూడూ తలకట్టు అక్షరాలే. కాబట్టి అది బతికింది. ‘ఉంది’లో ఉ, ద ఒంటరివాళ్లయ్యారు, పోయారు. ‘లేదు’లో ల, ద ఒంటరివాళ్లయ్యారు, వాళ్లూ పోయారు. మిగిలింది ఏమిటి? మొదటి మెసేజీ: వరద. రెండో మెసేజీ: వరద. కంప్యూటర్ దృష్టిలో రెండూ అచ్చంగా ఒకటే. ఇంటి చుట్టూ నీళ్లున్నవాడూ, ఇంట్లో పొడిగా కూర్చున్నవాడూ ఒకే మాట చెప్పినట్టు లెక్క!

సినిమా రివ్యూలు ఇచ్చినా అంతే. ‘కథ బాగుంది’ అన్నా ‘కథ బాగోలేదు’ అన్నా చివరికి మిగిలేది ‘కథ’ ఒక్కటే. నిర్మాతలకి ఇంతకంటే మంచి సాఫ్ట్‌వేర్ దొరకదు.

మరీ ఇబ్బంది ఏమిటంటే, చాలాసార్లు ఎర్రర్ కూడా రాదు. ఒక్క పదం కూడా మిగలనప్పుడే మెసేజీ వస్తుంది. అదైనా ఎలా ఉంటుంది? పదజాలం ఖాళీగా ఉంది, మీరిచ్చిన వాటిలో వడపోతలో తీసేసే చిన్నా చితకా మాటలే ఉన్నాయేమో అన్నట్టు ఉంటుంది. ఆ అమ్మాయి ఏమనుకుంటుంది? ‘నా డేటాలోనే ఏదో లోపం’ అనుకుంటుంది. తెల్లవార్లూ కూర్చుని డేటా కడుగుతుంది. వైవాలో సార్ ‘అక్యురసీ ఇంత తక్కువేంటమ్మా?’ అంటే తల దించుకుంటుంది.

తప్పు ఆమెది కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ఆ లైబ్రరీ తన గురించి తాను ఏం రాసుకుందో చూడాలి.

డాక్స్ ఏం చెప్పాయి?

ప్రతి లైబ్రరీకీ ఒక డాక్యుమెంటేషన్ ఉంటుంది. కుర్రాళ్ల భాషలో డాక్స్. ఇది ఇలా వాడాలి, ఇలా అడిగితే ఇలా ఇస్తుంది అని రాసి ఉంచే కాగితం. ఒక రకంగా మాట ఇవ్వడమే.

పైథాన్ 3 డాక్స్‌లో ఈ ‘డబ్ల్యూ’ గుర్తు గురించి చాలా ఏళ్లు ఉన్న వివరణ సారాంశం ఇది: ఏ భాషలోనైనా సరే, పదంలో భాగం కాగల క్యారెక్టర్లు చాలావరకు ఇందులోకి వస్తాయి, అంకెలూ అండర్‌స్కోరూ కూడా.

‘ఏ భాషలోనైనా’. ఆ మాట చదివిన తెలుగువాడు ఏమనుకుంటాడు? మనదీ ఉందనుకుంటాడు. ‘చాలావరకు’ అన్న మాట తప్పించుకోడానికి ఒక కిటికీ అనుకున్నా, తెలుగులో గుడి, కొమ్ము, దీర్ఘం అరుదుగా వచ్చే వింత గుర్తులు కావు. మీరిప్పుడు చదువుతున్న ఈ వాక్యంలో అవి లేని పదాలు ఎన్ని ఉన్నాయో వెతకండి, చాలా తక్కువ దొరుకుతాయి.

మన ఊళ్లలో దీనికి సరిగ్గా సరిపోయే కష్టం ఒకటుంది. విత్తనాలు. బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో బయటికొచ్చిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, పేరులోనే బాపట్ల ఉన్న వడ్లు. సంచి మీద బీపీటీ అని రాసి ఉంటుంది. రైతు ఆ మాట నమ్మి నారు పోస్తాడు. వెన్ను తీశాక చూస్తే వేరే రకం. సంచి మీద రాసింది ఒకటి, పొలంలో మొలిచింది ఇంకోటి. అప్పుడు రైతుకి తన సేద్యం మీదే అనుమానం రావాలా, సంచి మీద రావాలా?

లైబ్రరీ డాక్స్ కూడా సంచి మీద చీటీ లాంటివే. లోపల గింజ ఏదో కోసి చూసే ఓపిక అందరికీ ఉండదు. చీటీ నమ్మే పని మొదలుపెడతాం.

గుడి అక్షరం కాదట!

అసలు ఇలా ఎందుకు జరుగుతుంది? ఎవరికీ మనమీద కోపం లేదు. సంగతి యూనికోడ్‌లో ఉంది.

యూనికోడ్ అంటే ప్రపంచంలోని లిపులన్నిటికీ నంబర్లు ఇచ్చిన పట్టిక. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. 128 గళ్ల స్థలం మనది. ఒక్కో గడిలో ఉన్నదానికి నంబరుతో పాటు ఒక వర్గం కూడా ఉంటుంది. క, చ, ట, అ, ఉ లాంటివి ‘లెటర్’ వర్గం. గుడి, దీర్ఘం, కొమ్ము, పొల్లు, సున్నా లాంటివి ‘మార్క్’ వర్గం, అంటే పక్కనున్న అక్షరానికి తగిలించే గుర్తులు. ‘కి’ అని మనకి ఒక్క అక్షరంలా కనిపించేది లోపల రెండు నంబర్లు: క, గుడి. పిట్టలవానిపాలెం మనకి ఏడక్షరాలు, కంప్యూటర్ లోపల 15 నంబర్లు.

ఇంతవరకూ తప్పేం లేదు. తేడా ఎక్కడొచ్చిందంటే, పైథాన్‌లో ఆ ‘డబ్ల్యూ’ గుర్తు లెటర్లనీ అంకెలనీ లోపలికి రానిస్తుంది, మార్కులని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఇంగ్లిష్‌కి దీనివల్ల నొప్పి లేదు, ఎందుకంటే వాళ్ల అచ్చులు విడిగా నిలబడే లెటర్లు. మన అచ్చులు హల్లు భుజం ఎక్కి కూర్చుంటాయి. కౌంట్ వెక్టరైజర్ డాక్స్ ప్రకారం విరామ చిహ్నాలు పదాల మధ్య గోడలు. మన గుడి, మన కొమ్ము కూడా ఆ గోడల లెక్కలోకే పోయాయి. అంటే దాని దగ్గర దీర్ఘానికీ కామాకీ తేడా లేదు!

ఇంకో సంగతి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు ఎలా ఉండాలో యూనికోడ్ వాళ్లే ఒక నియమావళి రాశారు, దాని నంబరు 18. అందులో పదంలోని క్యారెక్టర్ల లెక్కలో మార్కులు కూడా కలపాలని స్పష్టంగా ఉంది. పెర్ల్ భాష అలాగే చేస్తుంది. పైథాన్‌కే బయట నుంచి వేసుకునే ‘రెజెక్స్’ అనే వేరే లైబ్రరీ ఉంది, అదీ అలాగే చేస్తుంది. దానికి పిట్టలవానిపాలెం ఇస్తే పిట్టలవానిపాలెమే తిరిగిస్తుంది. అంటే చేయడం కుదరని పనేం కాదు.

ఎవరో ఒకరు చెప్పారు

2007లో పైథాన్ బగ్ ట్రాకర్‌లో ఒక ఫిర్యాదు పడింది. నంబరు 1693050. విషయం: రోమన్ కాని లిపులకి ఈ గుర్తు పనికిరావడం లేదు. దేవనాగరి వాక్యం ఇస్తే పదాలు చిన్న చిన్న ముక్కలవుతున్నాయని అందులో రాశారు. 2011లో పెర్ల్ పుస్తకాల రచయిత టామ్ క్రిస్టియన్సన్ ఇంకొకటి పెట్టారు, నంబరు 12731. మీరు చేస్తున్నది యూనికోడ్ నియమావళి 18కి పూర్తిగా విరుద్ధం అని మొహమాటం లేకుండా రాశారు.

తర్వాత ఏమైంది? ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది.

ప్రోగ్రామ్ మారలేదు. డాక్స్ మారాయి.

ఇప్పుడు పైథాన్ డాక్స్ తెరిస్తే ‘ఏ భాషలోనైనా’ అన్న ఆ పాత మాట ఉండదు. ‘ఇజ్ ఆల్‌నమ్’ అనే ఇంకో ఫంక్షన్ దేన్ని అక్షరమనో అంకె అనో ఒప్పుకుంటుందో అవన్నీ వస్తాయి, ఇంకా అండర్‌స్కోర్ వస్తుంది అని ఉంటుంది. అంటే గింజ మార్చలేదు, సంచి మీద చీటీ మార్చారు.

‘ఇదేం న్యాయం?’ అంటారా? కోపం సబబే. కానీ వాళ్ల వైపు నుంచి కూడా ఒక్క నిమిషం చూడండి. ఆ గుర్తు మీద ఆధారపడి ప్రపంచమంతా ఎన్నో ప్రోగ్రాములు నడుస్తున్నాయి. ఇవాళ దాని ప్రవర్తన మార్చితే నిన్నటిదాకా బాగున్నవి రేపు పొద్దున తేడా కొట్టొచ్చు. ఎక్సెల్ చూడండి. 1900 సంవత్సరం ఫిబ్రవరికి 28 రోజులే. ఎక్సెల్ మాత్రం 29 ఉన్నాయంటుంది. ఆ పొరపాటు అంతకుముందు వచ్చిన లోటస్ 1-2-3 అనే ప్రోగ్రామ్‌ది. దాని ఫైళ్లు ఎక్సెల్‌లో సరిగ్గా తెరుచుకోవాలని మైక్రోసాఫ్ట్ తెలిసే దాన్ని అలాగే ఉంచింది. సరిదిద్దితే జనం షీట్లలో తేదీలన్నీ ఒక రోజు జరుగుతాయని భయం. అందుకే డాక్స్‌లో ఒప్పుకుని, లోపల అలాగే వదిలేశారు.

మరి డాక్స్ ఒక్కటే మారితే మనకి ఒరిగిందేమిటి? చాలానే ఉంది. జావాస్క్రిప్ట్‌తో పోల్చి చూద్దాం. అందులో ఇదే ‘డబ్ల్యూ’ గుర్తుకి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఏమీ తెలియదు. తెలుగు పదం ఇస్తే ఒక్క ముక్క కూడా పట్టదు. పైథాన్ కంటే అధ్వానం. కానీ దాని డాక్స్ ఆ సంగతి మొదటి లైన్‌లోనే చెప్పేస్తాయి: లాటిన్ అక్షరాలకే అని. అందుకని తెలుగు యాప్ రాసేవాళ్లు దాని జోలికి పోరు, ‘లెటర్లూ మార్కులూ కలిపి పట్టు’ అని విడిగా రాసుకుంటారు. పనికిరాదని ముందే చెప్పిన పనిముట్టు ఎవరి రాత్రినీ పాడుచేయదు. పనికొస్తానని చెప్పి సగం చేసేదే కొంప ముంచుతుంది.

కాబట్టి డాక్స్‌లో ఒక్క వాక్యం సరి చేయించినా, అది తర్వాత వచ్చే వందమంది పిల్లల నిద్రని కాపాడినట్టే. ఆ సరి చేయడానికి కారణం ఎక్కడో ఎవరో ‘మీరు రాసింది ఇది, జరుగుతోంది ఇది’ అని రాసి పెట్టడం. మనమేమో ఇబ్బంది పడతాం, ఫ్రెండ్‌కి చెప్పుకుంటాం, ఇంకో దారి వెతుక్కుంటాం, ఊరుకుంటాం. అవతలివాళ్లకి మన మౌనం ఎలా వినిపిస్తుందో తెలుసా? ‘తెలుగులో అంతా బాగానే పనిచేస్తోంది’ అని వినిపిస్తుంది.

చెప్పడం వేరు, చెప్పాల్సిన చోట చెప్పడం వేరు

మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కథ విన్నారా? నాసా 1998 డిసెంబరులో అంగారకుడి మీదికి పంపిన నౌక. దాని చిన్న ఇంజిన్లు ఎంత తోపు ఇచ్చాయో లెక్క కట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి భూమ్మీద ఉంది. ఆ లెక్క న్యూటన్ సెకన్లలో ఉండాలని ఒప్పంద పత్రంలో రాసి ఉంది. సాఫ్ట్‌వేర్ మాత్రం పౌండ్ లెక్కలో ఇచ్చింది. రెండిటికీ తేడా దాదాపు 4.45 రెట్లు. కాగితం మీద ఒకటి, చేతల్లో ఒకటి.

1999 సెప్టెంబరు 23న నౌక అంగారకుడి వెనక్కి వెళ్లింది, మళ్లీ పలకలేదు. మొదట అనుకున్న ఎత్తు దాదాపు 226 కిలోమీటర్లు, తర్వాత లెక్కేస్తే తేలింది దాదాపు 57.

ఇందులో మనసు చివుక్కుమనే విషయం ఇది. దారి లెక్క చూసే టీమ్‌కి ఏదో తేడాగా ఉందని ముందే అనుమానం వచ్చింది. ఈమెయిళ్లు కూడా నడిచాయి. కానీ ఇలాంటి అనుమానాలు నమోదు చేయడానికి సంస్థలో ఒక పద్ధతి ప్రకారం ఫారం ఉంది, దాన్ని సరిగ్గా వాడలేదు. విచారణ కమిటీ 1999 నవంబరు నివేదికలో దీన్ని ప్రత్యేకంగా ఎత్తి చూపింది. ఫారంలోకి ఎక్కిన అనుమానానికి ఎవరో ఒకరు జవాబు చెప్పి తీరాలి. ఈమెయిల్లో అన్నమాట కింద ఇంకో నాలుగు ఈమెయిళ్లు పడితే మునిగిపోతుంది.

మన వాట్సాప్ గ్రూపులో ‘ఈ లైబ్రరీ దండగరా’ అని పెట్టడం కూడా అంతే. బాధ తీరుతుంది, బగ్ తీరదు.

ఎలా రాయాలి?

విత్తనాల విషయంలో వ్యవసాయ శాఖవాళ్లు ఏటా చెప్పే మాటే ఇక్కడా వర్తిస్తుంది: బిల్లు దాచుకోండి, సంచి ట్యాగ్ దాచుకోండి. రుజువు లేకపోతే ఆఫీసరు మాత్రం ఏం చేస్తాడు?

ఒకటి. ముందు డాక్స్ పూర్తిగా చదవండి. పైథాన్‌లో ‘ఇజ్ ఆల్ఫా’ అని ఇంకో ఫంక్షన్ ఉంది, మాటలో అన్నీ అక్షరాలేనా అని చూస్తుంది. కమల అని ఇస్తే అవునంటుంది, సీత అని ఇస్తే కాదంటుంది! ఏదైనా ఫారంలో పేరు సరిచూడటానికి దీన్ని వాడితే కమల పాస్, సీత ఫెయిల్. కానీ దాని డాక్స్‌లో ‘లెటర్ వర్గం మాత్రమే’ అని స్పష్టంగా ఉంది. కాబట్టి అక్కడ ఫిర్యాదు వెళ్లాల్సింది పైథాన్‌కి కాదు, దాన్ని తెలియక వాడిన ఆ ఫారం తయారు చేసినవాళ్లకి. ఎవరి గుమ్మం తట్టాలో తేలాలంటే చదవక తప్పదు.

రెండు. ఇంతకుముందే ఎవరైనా చెప్పారేమో వెతకండి. చెప్పి ఉంటే కొత్తది పెట్టకుండా దాని కిందే మీ తెలుగు ఉదాహరణ చేర్చండి. పైథాన్ వాళ్ల ఫిర్యాదుల చిట్టా 2022 నుంచి గిట్‌హబ్‌లో ఉంది. డాక్స్ పేజీలోనే తప్పు చెప్పడానికి లింకు ఉంటుంది.

మూడు. ట్యాగ్ చూపించండి. అంటే వెర్షన్ నంబరు. ‘లేటెస్ట్’ అని రాయకండి, వచ్చే నెలకి లేటెస్ట్ ఇంకోటవుతుంది.

నాలుగు. ఉదాహరణ చిన్నదిగా ఉండాలి. మీ మూడొందల లైన్ల ప్రాజెక్టంతా అతికిస్తే ఎవరూ చదవరు. ఒక్క పదం, రెండు లైన్లు, వచ్చిన జవాబు. ఎవరైనా కాపీ చేసి పది సెకన్లలో తన దగ్గర చూసుకోగలగాలి. అందుకే స్క్రీన్‌షాట్ ఒక్కటే పెడితే చాలదు, అందులోంచి అక్షరాలు కాపీ కావు.

ఐదు. మూడు ముక్కలు విడివిడిగా రాయండి. డాక్స్‌లో ఏముంది, ఏ పేజీ, ఏ వాక్యం. నిజంగా ఏం జరిగింది. ఏం జరగాలని నేననుకున్నాను, ఎందుకు. ఈ మూడూ ఉంటే సగం వాదన అక్కడే ముగుస్తుంది.

ఆరు. అవతలివాళ్లకి తెలుగు రాదని గుర్తుంచుకోండి. ‘గుడి ఎగిరిపోయింది’ అంటే వాళ్లకేం అర్థమవుతుంది? గుడి యూనికోడ్ నంబరు 0సీ3ఎఫ్, అది మార్క్ వర్గంలోది, అది లేకపోతే పదం అర్థమే మారుతుంది అని రాయండి. ‘వరద ఉంది, వరద లేదు’ లాంటి ఒక్క జత ఇచ్చి అర్థం చెప్పండి, పది పేరాల వివరణ కంటే అది గట్టిగా తగులుతుంది. మన భాష గురించి ఆ చర్చలో ఎక్కువ తెలిసింది మీకే. గ్రాంథిక ఇంగ్లిష్ అక్కర్లేదు, చిన్న చిన్న వాక్యాలు చాలు.

ఏడు. మర్యాద. అవతల ఉన్నవాళ్లలో చాలామంది ఉద్యోగం అయ్యాక, సెలవు రోజున, జీతం లేకుండా ఈ పని చేసేవాళ్లు. ‘మీకు బుద్ధి ఉందా’ అని మొదలుపెట్టిన ఉత్తరం మనింటికొస్తే మనం మాత్రం చదువుతామా? చివర్లో ‘ప్రోగ్రామ్ మార్చడం కష్టమైతే కనీసం డాక్స్‌లో ఈ వాక్యం ఇలా మార్చండి’ అని మీరే రాసివ్వండి. పని సగం తగ్గిస్తే జవాబు తొందరగా వస్తుంది.

అంతవరకూ మీ పని ఆగిపోకూడదు కదా. సైకిట్ లెర్న్‌లో పదం అంటే ఏమిటో మనమే చెప్పుకునే వీలుంది. ‘ఖాళీ కానిదల్లా వరసగా పట్టు’ అని ఇస్తే పదాలు విరగవు. కామాలూ ఫుల్‌స్టాప్‌లూ ముందే తీసేసుకోండి. లేదంటే రెజెక్స్ లైబ్రరీ వాడండి.

ఫార్వార్డ్ చేయడం రిపోర్ట్ కాదు

2018 ఫిబ్రవరి గుర్తుందా? తెలుగు ‘జ్ఞా’ ఐఫోన్లని పడగొట్టిన నెల. జ, పొల్లు, ఞ, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు, దీర్ఘం. ఆ వరస మెసేజీలో వస్తే యాప్ కుప్పకూలేది. అక్షరాల్ని తెరమీద దిద్దే లైబ్రరీలో లోపం అది. చాలామంది చేసిన పనేమిటి? అవతలివాడి ఫోన్ పడిపోతే చూసి నవ్వుకోవడానికి ఫార్వార్డ్ చేశారు. ఇంకొందరు కూర్చుని, ఏ ఏ అక్షరాల కలయికతో ఇది జరుగుతోంది, బెంగాలీలో కూడా జరుగుతోందా అని విడదీసి రాశారు. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ఇలా ఇతరులకి హాని చేయగల లోపం దొరికితే అందరి ముందూ పెట్టకూడదు. కంపెనీలు ఇలాంటి వాటికే విడిగా ఒక చిరునామా ఉంచుతాయి, గుట్టుగా అక్కడికి పంపాలి.

చెబితే చీటీ మాత్రమే మారుతుందని కూడా అనుకోకండి. ఒక్కోసారి గింజే మారుతుంది. ‘స్త్రీ’ అనే అక్షరం చూడండి. లోపల ఆరు నంబర్లు. ‘మనిషి కంటికి ఒక అక్షరంగా కనిపించేది ఎంతవరకు’ అని యూనికోడ్‌కి వేరే నియమం ఉంది. పాత నియమం ప్రకారం స్త్రీ అంటే మూడు: స్, త్, రీ. మనకి ఒక్కటే కదా! 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 వెర్షన్‌లో ఆ నియమాన్నే మార్చారు. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపుల్లో ఒత్తులతో కలిసిన అక్షరాన్ని విడగొట్టకూడదన్నారు. ఇప్పుడు స్త్రీ అంటే ఒకటి. ఈ కొత్త నియమం వాడే ప్రోగ్రాముల్లో అలాగే వస్తుంది, పాతది వాడేవాటిలో ఇంకా మూడే. మీ ఫోన్‌లో ఏదైనా యాప్ ఇంకా మూడంటుంటే అదీ రాసి పెట్టదగ్గ విషయమే.

అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. ఈ లైబ్రరీలు రాసేవాళ్లకి మన ఆకలి సంగతే తెలియదు. తెలుగు మాట విరిగిన ప్రతిచోటా చదువుకున్న తెలుగువాళ్లు ఉంటారు, చూస్తారు, పక్కకి తప్పుకుని పోతారు. ఈసారి మీకు డాక్స్‌లో ఒకటి, చేతల్లో ఒకటి కనిపిస్తే తప్పుకోకండి. ఒక అరగంట కేటాయించండి. వెర్షన్ నంబరు, ఒక తెలుగు పదం, మూడు పేరాలు. పంపించి, ఆ నంబరు దాచుకోండి. జవాబు వారంలో రావొచ్చు, ఏళ్లు పట్టొచ్చు. కానీ వచ్చే ఏడాది ఫైనలియర్ ప్రాజెక్టు చేసే చెల్లెలు ఇదే ఎర్రర్ గూగుల్ చేసినప్పుడు మీరు రాసింది దొరుకుతుంది. తప్పు తనది కాదని ఆమెకి ఆ రాత్రే తెలుస్తుంది.